కోళ్ల దొడ్డిలో ఏ గడ్డి వేయాలి? ముందు ఆకు పరవండి!

‘‘సారూ, కోళ్ల దొడ్డిల ఏ గడ్డి పెడితే నిలుస్తది?’’ షాద్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లినప్పుడల్లా ఈమధ్య ఈ ప్రశ్న ఎదురవుతోంది. ఒక ఊళ్లో ఒక అక్క చెప్పిన సంగతి వినండి. ఆమె కొడుకు ఫాంహౌస్‌లో తోటపని చేస్తాడు. అక్కడ లాన్‌కు పరవగా మిగిలిన గడ్డి చాపలు నాలుగు తెచ్చి కోళ్ల దొడ్డిలో పరిచాడు. రోజూ నీళ్లు పోశారు. పచ్చగా, చూడముచ్చటగా ఉంది. కోళ్లు పదే. పది రోజుల్లో వేర్లతో సహా గీకి పారేశాయి. ‘‘కోళ్లు కావు సారూ, గుంటుక కొట్టినట్టు చేసినయి’’ అని ఆమె నవ్వింది. కానీ ఆ వెనుకే వానలు పడ్డాయి. దొడ్డి బురదయింది. పిల్లలు ఒక్కటొక్కటే ముడుచుకొని కూర్చున్నాయి. అప్పుడు నవ్వు లేదు.

ఏ గడ్డి వేయాలన్న ప్రశ్నే తిరగబడి ఉందని నా అభిప్రాయం. కోళ్లు మూసి ఉన్న చిన్న దొడ్డిలో ఏ గడ్డీ నిలవదు. ముందు నీడ కావాలి, తర్వాత నేల మీద ఎండుటాకు కావాలి, ఆ తర్వాతే గడ్డి. ఆ గడ్డి కూడా నేలకు కొన్నాళ్లు విరామం ఇస్తేనే బతుకుతుంది. ఈ వరుస తప్పితే విత్తనం డబ్బులూ పోతాయి, పిల్లలూ పోతాయి.

ఊరంతా తిరిగిన కోడి

మా చిన్నతనంలో కోళ్లకు దొడ్డి ఎక్కడిది? పొద్దున గంప ఎత్తితే పెంటకుప్ప మీదికి, కల్లంలోకి, గడ్డివాము కిందికి, వాగు ఒడ్డుకు పోయేవి. మాపటికి వాటంతట అవే గూటికి చేరేవి. ఊరంతా వాటి దొడ్డే కనుక ఒకచోట రెట్ట పేరుకునేది కాదు. నేలకు ఏం వేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రావాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు పరిస్థితి వేరు. బెంగళూరు హైవే పొడుగునా చెలకలు ప్లాట్లయ్యాయి. 2016లో జిల్లాల పునర్విభజనలో షాద్‌నగర్ మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందే ఇక్కడ వెంచర్లు మొదలయ్యాయి, ఆ తర్వాత ఇంకా పెరిగాయి. పక్కవాళ్ల ప్లాటుకు ప్రహరీ, ఆ వెనుక ఫాంహౌస్ కుక్కలు, ముందర సీసీ రోడ్డు, దాని మీద బండ్లు. పక్కింటి పెరట్లోకి కోడి పోతే తగవు. దాంతో కోళ్లను జాలీ కట్టి మూసి పెట్టుకోవాల్సి వస్తోంది. ఊరంతా తిరిగిన కోడికి ఇప్పుడు గుంట జాగా దొరికితే గొప్ప. దొడ్డిలో నేల పాడవడమన్నది ఈ మూసి పెట్టడంతో వచ్చిన కొత్త బాధ. దీనికి మన పెద్దల అనుభవంలో జవాబు నేరుగా దొరకదు. అందుకే దీని గురించి రాయాల్సి వస్తోంది.

ఇది ఆడవాళ్ల ఆదాయం సంగతి కూడా. పెరటి కోళ్ల మీద వచ్చే నాలుగు పైసలు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతి డబ్బులు. పిల్లల పుస్తకాలకు, పండుగకు చీరకు, మందుగోలీలకు అవే ఆధారం. బోనాలకు అమ్ముదామని పెంచిన పుంజులు వాన మొదట్లోనే పోతే ఆ ఇంట్లో అడగడానికి ఇంకెవరూ ఉండరు.

బోడి నేల ఏం చేస్తుంది?

పెద్దకోడి రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. 10 కోళ్లంటే రోజుకు కిలో, ఏడాదికి మూడున్నర క్వింటాళ్ల పైమాటే. గడ్డి గాని, ఆకు గాని లేని బోడి నేల మీద ఇదంతా పడి కోళ్ల కాళ్ల కింద గట్టిపడుతుంది. మన ఎర్ర చెల్క నేలలు వాన పడి ఎండగానే పైన పెచ్చు కడతాయి. నీళ్లు లోపలికి ఇంకవు. మళ్లీ వాన పడితే రెట్ట కలిసిన నీళ్లు గుంటల్లో నిలుస్తాయి. కోడిపిల్లలు ఆ నీళ్లే తాగుతాయి.

రక్తపారుడు రోగం (కాక్సిడియోసిస్) ఇక్కడే మొదలవుతుంది. రోగం ఉన్న కోడి రెట్టలో కంటికి కనబడని గుడ్లలాంటివి పడతాయి. పడగానే వాటితో ప్రమాదం లేదు. తడి, వెచ్చదనం, గాలి మూడూ తగిలితే ఒకటి రెండు రోజుల్లో రోగం పుట్టించే దశకు వస్తాయి. వానకాలంలో బురద దొడ్డి కంటే వాటికి అనువైన చోటు ఏముంటుంది? మూడు వారాల నుంచి ఆరేడు వారాల వయసు పిల్లలు దీనికి ఎక్కువగా బలవుతాయి. రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకొని, నెత్తురు కలిసిన రెట్ట వేస్తాయి. కడుపులో ఏలికపాముల గుడ్లు కూడా తడి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటాయి.

ఇది పుస్తకంలో చదివి రాస్తున్నది మాత్రమే కాదు. కొన్నేళ్ల కింద మా ఇంట్లో 20 వనరాజ పిల్లలు తెచ్చాం. తెచ్చిన చోట మేత గురించి చెప్పారు, టీకాల చీటీ ఇచ్చారు. నేల గురించి ఒక్క మాట లేదు. నేనూ అడగలేదు. నలుగురికి వ్యవసాయం గురించి రాసేవాణ్ని, నా పెరట్లో నేలను చూసుకోలేదు. ఆరుద్ర కార్తెలో ముసురు పట్టింది. వారంలో 11 పిల్లలు పోయాయి. మా ఆవిడ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. పశువైద్యుడు వచ్చి మొదట చూసింది కోళ్లను కాదు, వాటి కాళ్ల కింది నేలను. ఆ రోజు నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం.

కోడి పొదల పక్షి

మన నాటుకోడికి మూలం ఎర్ర అడవికోడి. అది పచ్చిక బయళ్లలో బతికే పక్షి కాదు. చెట్ల నీడన, వెదురు పొదల కింద రాలిన ఆకును కాళ్లతో చెదరగొట్టి, కింద ఉన్న పురుగును, గింజను ఏరుకొని తినే పక్షి. మన పెరటికోడికీ అదే బుద్ధి. వదిలితే అది పచ్చగడ్డి మీదికి పోతుందా, పెంటకుప్ప మీదికి పోతుందా? జవాబు అందరికీ తెలుసు. కోడికి గీకడానికి వదులైన నేల కావాలి. గడ్డి అడ్డమొస్తే దాన్నీ గీకుతుంది. అది దాని తప్పు కాదు.

కనుక దొడ్డిలో సగమైనా నీడ ఉండేట్టు చూసుకోవాలి. మునగ తొందరగా పెరుగుతుంది, ఆకు మనకూ కోళ్లకూ పనికొస్తుంది. కానుగ, వేప, చింత ఉంటే మరీ మంచిది. అంచున సీతాఫలం పెట్టుకోవచ్చు. మన పక్కనున్న బాలానగర్ పేరుతోనే పేరుపొందిన రకం ఉంది. దాని ఆకు మేకలు కూడా ముట్టవు, కంచెగా నిలుస్తుంది. పొదలుంటే గద్ద నుంచి పిల్లలకు చాటు దొరుకుతుంది. చెట్లు ఎదిగేదాకా నాలుగు గుంజలు పాతి కందికట్టెల పందిరి వేసినా సరిపోతుంది.

ఆకు పరిచే పద్ధతి

ముందు నీళ్ల సంగతి చూడండి. దొడ్డికి పైవైపు జానెడు లోతు కాల్వ తీస్తే వాననీరు పక్కకు పోతుంది. గూటి ముందు, చూరు నీళ్లు కారే చోట, నీళ్ల తొట్టి చుట్టూ మొరం పోసి కాస్త ఎత్తు చేయాలి. దొడ్డిలో బురద ఎక్కువగా ఈ మూడు చోట్లనే పుడుతుంది. ఇది చేయకుండా ఎన్ని బస్తాల ఆకు పోసినా కుళ్లుతుంది.

తర్వాత ఎండుటాకు. శివరాత్రి నుంచి ఉగాది దాకా మన ఊళ్లలో వేప, కానుగ, రావి ఆకు విపరీతంగా రాలుతుంది. పొద్దున్నే ఊడ్చి కుప్ప చేసి నిప్పు పెట్టడం అలవాటయింది. కోళ్ల దొడ్డికి పైసా ఖర్చు లేకుండా దొరికే పరుపును చేజేతులా కాల్చుకుంటున్నాం. ఆ ఆకును యూరియా సంచుల్లో కుక్కి, తడి తగలకుండా పెట్టుకోండి. మృగశిర కార్తెకు ముందు దొడ్డిలో బెత్తెడు మందాన పరవండి. కోళ్లు గీకి పక్కకు నెట్టిన చోట మళ్లీ వేయండి. ఆకు చాలకపోతే ముక్కలు చేసిన మక్క బెండ్లు, వేరుశనగ పొట్టు, కంది కల్లం పొట్టు కలపవచ్చు. పొడుగు వరిగడ్డి అలాగే వేస్తే చాపలా అట్ట కడుతుంది, కింద బూజు పడుతుంది. కోసి వేయాలి.

గూటి లోపల మాత్రం ఊక గాని, వేరుశనగ పొట్టు గాని రెండంగుళాలు, వానకాలంలో మూడు నాలుగు అంగుళాలు ఉండాలి. కోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగుల జాగా ఇవ్వాలి. రోజూ పొద్దున ఒకసారి కలియబెట్టాలి. తడి ఎంత ఉందో చూడడానికి మిషను అక్కర్లేదు. పిడికెడు తీసుకొని గట్టిగా నొక్కండి. చెయ్యి తెరిచినప్పుడు ఉండలా నిలిస్తే తడి ఎక్కువ, పొడి ఊక కలపాలి. విడిపోతే బాగున్నట్టే.

ఆకు, రెట్ట కలిసి నాలుగైదు నెలలకు నల్లటి మెత్తటి ఎరువవుతుంది. దాన్ని తీసి కుప్ప పోసి, కొంచెం తడిపి, రెండు నెలలు మాగనివ్వాలి. ఆ వేడికి రోగకారకాలు చాలావరకు చస్తాయి. కూరగాయ మడికి, మిరపకు దీనికి మించింది లేదు. పచ్చి రెట్ట నేరుగా వేస్తే మొక్క మాడుతుంది.

గడ్డి వద్దని కాదు

పచ్చిమేత తింటే కోడి ఆరోగ్యంగా ఉంటుంది, గుడ్డు సొనకు మంచి రంగు వస్తుంది, దాణా ఖర్చు కొంత తగ్గుతుంది. అందుకే గడ్డి కావాలి. కాకపోతే దానికి కోళ్ల కాళ్ల నుంచి సెలవు ఇవ్వాలి.

ఐరోపా దేశాల నిబంధనల ప్రకారం ఆరుబయట తిరిగే గుడ్ల కోడికి 4 చదరపు మీటర్ల నేల ఉండాలి. ఆ లెక్కన మన ఒక గుంటలో 25 కోళ్లు. కానీ అక్కడి చల్లదనం, ఏడాది పొడుగునా ఉండే తేమ మనకు లేవు. మన చెల్కలో గుంటకు 10, 12 కోళ్లకు మించకుంటేనే పచ్చదనం నిలుస్తుందని నా అనుభవం.

గుంటలో గూటి ముందరి భాగాన్ని ఆకు దొడ్డిగా ఉంచి, మిగతాది మూడు మడులు చేయండి. కంచెకు తుమ్మ కంప, పాత చీరలు, వెదురు తడికె ఏదైనా సరే. ఒక మడిలో రెండు వారాలు తిప్పి మూయండి. అది మళ్లీ నాలుగు వారాలకు గాని తెరుచుకోదు. ఈ విరామంతో రోగమంతా పోతుందని చెప్పను, ఆ గుడ్లు మట్టిలో నెలలు ఉంటాయి. కానీ ఎండ తగిలి, నేల ఆరి, రోగం ఒత్తిడి తగ్గుతుంది. గడ్డి కూడా కోలుకుంటుంది. వేసవిలో గడ్డి ఎండిపోతే మూడు మడులూ మూసి, కోళ్లను ఆకు దొడ్డిలోనే ఉంచాలి.

మడుల్లో ఏం వేయాలి? కాళ్ల దెబ్బకు తట్టుకునేది గరికే. భూమిలోపలా, పైనా పాకుతుంది, పైన గీకినా కింది నుంచి చిగురిస్తుంది. మృగశిరలో తొలి వాన పడగానే రెండు మూడు కణుపుల ముక్కలు జానెడు దూరంలో నాటాలి. రెండు నెలలు కోళ్లను రానివ్వొద్దు. తర్వాత చేత్తో గట్టిగా లాగి చూడండి. వేరు ఊడి రాకుంటేనే తడికె తెరవాలి.

‘‘గరిక చేన్లకు పాకితే ఎవరు పీకాలె?’’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెరడు చేనుకు ఆనుకొని ఉంటే గరిక జోలికి పోకండి. దానికి బదులు స్టైలో వేయండి. స్టైలో హమాటా ఎర్ర చెల్కలకు, తక్కువ వానకు సరిపోయే పప్పుజాతి మేత. దాని విత్తనం పైపొర గట్టిగా ఉంటుంది. మరిగించి దించి కొంచెం ఆరిన నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, ఇసుకతో కలిపి చల్లాలి. కంచె పొడుగునా దశరథ గడ్డి వేస్తే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు. కోసి కట్టగా కట్టి కోడికి అందేంత ఎత్తున వేలాడదీయండి. వానల్లో దానంతట అదే మొలిచే గంగవాయిలి, తోటకూరలను పీకి పారేయకండి. కోళ్లకు అవి ఇష్టమైన మేత.

మడులు చేసేంత జాగా లేని వాళ్లకు ఒక ఉపాయం. విరిగిన మంచం చట్రానికి జాలీ బిగించి, నేలకు బెత్తెడు ఎత్తున ఇటుకల మీద పెట్టండి. కింద తోటకూర గాని, గరిక గాని పెంచండి. జాలీ పైకి వచ్చిన చిగురును కోళ్లు తింటాయి, వేరును మాత్రం గీకలేవు.

ఇవి మాత్రం వద్దు

మన పాత పాలమూరు, నల్గొండ ప్రాంతాలు ఆముదానికి పేరు. కల్లంలో ఆముదపు పొట్టు ఊరకే దొరుకుతుంది కదా అని దొడ్డిలో పోయకండి. అందులో మిగిలిన గింజలు కోళ్లకు విషం. దొడ్డిలో ఆముదం చెట్టు, గన్నేరు, ఉమ్మెత్త ఉంచరాదు. పురుగుమందులు కొట్టిన పత్తిచేను చెత్త, గడ్డిమందు కొట్టిన గట్ల గడ్డి తేవద్దు. బూజు పట్టిన పొట్టు పిల్లల ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. సుబాబుల్ ఆకు మేతగా ఎక్కువైతే మంచిది కాదు. బోడి నేల మీద ముందుగా మొలిచేది వయ్యారిభామ. పూత రాకముందే పీకేయాలి.

తాండూరు బండలు పరిస్తే శుభ్రంగా ఉంటుందని కొందరు పరుస్తున్నారు. కడగడానికి సులువే గాని, ఎండకాలం కాళ్లు కాలతాయి, కోడికి గీకడానికి, మట్టిలో పొర్లడానికి చోటుండదు. నీళ్ల తొట్టి కింద ఒక బండ వేసుకోండి, చాలు.

తేళ్లు, పాములు రావా?

ఆకు పరవమనగానే అందరూ అడిగేది ఇదే. భయం నిజమైనదే. ఆకును ఇంటి గోడకు ఆనించకుండా మూడడుగులు వదలాలి. కుప్పగా పోయొద్దు, పలుచగా పరవాలి. కోళ్లు రోజంతా గీకే చోట తేలు నిలవలేదు, కనబడితే వాటికది మేతే. పాములకు ఆకుకంటే చెత్తకుప్ప, కట్టెల మోపు, ఎలుకల బొరియలే ఎక్కువ చాటు. వాటిని దొడ్డికి దూరంగా పెట్టండి. ఆకులో పెరిగే వానపాములు, పురుగుల ద్వారా కోళ్లకు నులిపురుగులు కూడా రావచ్చు. కనుక పశువైద్యుడిని అడిగి వేళకు మందు తాగించాలి.

ఇంకో మాట. నేల బాగున్నంత మాత్రాన కొక్కెర తెగులు ఆగదు. టీకా వేయించాల్సిందే. పిల్లలను మొదటి ఆరు వారాలు పొడి ఊక మీద, వెచ్చటి గూట్లోనే పెంచాలి. తర్వాత కూడా పెద్దకోళ్లు తిరగని మడిలోకే ముందుగా వదలాలి.

కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ మన పక్కనే రాజేంద్రనగర్‌లో ఉంది. 1988లో ప్రాజెక్టు డైరెక్టరేట్‌గా మొదలైంది. వనరాజ, గ్రామప్రియ అక్కడి నుంచి వచ్చినవే. మంచి రకాలకు మనకు కొదవ లేదు. కొదవంతా ఆ పిల్లలు దిగే నేల మీదనే. పిల్లలను పంచే పథకం ఏదైనా సరే, పంచే ముందు ఆ ఇంటి పెరడు ఒక్కసారి చూడాలి. నీడ ఉందా, నీళ్లు నిలుస్తాయా, వానకాలానికి ఆకో ఊకో దాచారా అని అడగాలి. మహిళా సంఘాల సమావేశంలో ఈ ముక్క చెప్పడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట లేకనే ఎన్నో ఇళ్లలో తెచ్చిన పిల్లలు మొదటి ముసురు దాటడం లేదు.

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. గడ్డి విత్తనం కోసం పట్నం పోయే ముందు మీ వాకిట్లో వేపచెట్టు కింద చూడండి. వచ్చే శివరాత్రికి ఊడ్చిన ఆకుకు నిప్పు పెట్టకండి, సంచిలో వేసి దాచండి. మృగశిర వచ్చేసరికి అది మీ కోడిపిల్లల కింద ఉండాలి.